యంత్రము మనది, తాళము ఎవ్వరిది?

2025 వ సంవత్సరము అక్టోబరు 14 వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్టువారి సామాన్య సంరక్షణ ముగిసెను. అదే సంవత్సరము జూను మాసమున ఆపిల్ సంస్థవారు, టాహో అను పేరుగల మ్యాక్ ఓఎస్ 26 యే ఇంటెల్ ప్రాసెసరుగల తమ యంత్రములకు కడపటిదని ప్రకటించిరి. ఈ రెండు మాటలతో లోకమున లెక్కకు మిక్కిలిగ కంప్యూటరులు ఒక్కమాఱుగ వృద్ధాప్యమున పడినవి. వాని మీటలు అరుగలేదు, తెరలు మసకబాఱలేదు, ప్రాసెసరులు నిన్న చేసిన లెక్కను నేడును తప్పు లేకుండ చేయుచున్నవి. అయినను అవి మృతప్రాయములని దూరదేశమందలి కార్యాలయములలో తీర్మానమైనది. ఆ తీర్మానమునకు యజమానుల సమ్మతిని ఎవ్వరును అడుగలేదు.

రైతు పొలము కొనునప్పుడు పట్టాను మాత్రమే చూడడు. పొలమునకు బండి దారి కలదా లేదా యని ముందుగ విచారించును. దారి లేని మాగాణి ఎంత సారవంతమైనను కొన్నవానికి దక్కదు. దారి గల పొరుగువాని దయపైననే దుక్కియు నూర్పును జరుగవలెను. నేడు కంప్యూటరు కొనువారిలో నూటికి తొంబదిమంది పట్టాను చూచి దారిని చూడకున్నారు. యంత్రములోనికి ఆపరేటింగు సిస్టము ప్రవేశించు దారికి బూట్‌లోడరు అని పేరు. ఆ దారి ఎవ్వరి చేతిలో నున్నదో వారే యంత్రమునకు నిజమైన స్వాములు. ఈ సంగతి పాఠకులకు విశదము చేయుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మీట నొక్కిన తోడనే కంప్యూటరు తనంతట తాను మేలుకొనదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో నిక్షిప్తమైన ఫర్ముఁవేరు మొదట లేచి, జ్ఞాపకశక్తి, డిస్కు, తెర మొదలగు అంగములను తడవి చూచును. 1981 లో ఐబీఎం వారు తమ పర్సనల్ కంప్యూటరును వెలువరించిన నాటినుండి ఈ పనిని బయాస్ అనునది చేయుచుండెను. నేటి యంత్రములలో దాని స్థానమును యూఈఎఫ్ఐ ఆక్రమించినది. అది డిస్కులోని ఒక చిన్న భాగమును వెదకి, అందున్న బూట్‌లోడరును పిలుచును. బూట్‌లోడరు ఆపరేటింగు సిస్టము యొక్క మూలాంశమైన కెర్నెలును తెచ్చి, ఇది నీ యిల్లు, ఇవి నీ పనిముట్లు అని అప్పగించి తాను తప్పుకొనును. ఈ తంతు అంతయు కొన్ని క్షణములలో ముగియును గాని, యంత్రము బ్రతుకుటయు బ్రతుకకుండుటయు ఆ క్షణములలోనే తేలిపోవును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచ్చట అక్షరాల సార్థకమగుచున్నది. ప్రాసెసరు సిద్ధముగ నున్నది. ఆపరేటింగు సిస్టము సమర్థముగ నున్నది. నడుమనున్న పరీక్ష మాత్రము "ఈ యంత్రము పేరు మా పట్టికలో లేదు" అని తలుపు మూయుచున్నది.

ఇట్టి పరీక్షలను దాటించుటకు పుట్టిన సాధనములలో ముఖ్యమైనది 2019 లో వెలువడిన ఓపెన్‌కోర్. దీనికి పూర్వము క్లోవర్ అను బూట్‌లోడరు ప్రచారములో నుండెను. ఓపెన్‌కోర్ మర్మమంతయు కాన్ఫిగ్.ప్లిస్ట్ అను ఒక్క ఫైలులో నున్నది. అది మనుష్యులు చదువదగిన సాదా వ్రాత. అందు ఎనిమిది అధ్యాయములు కలవు: ఏసీపీఐ, బూటర్, డివైస్ ప్రాపర్టీస్, కెర్నెల్, మిస్క్, ఎన్‌వీర్యామ్, ప్లాట్‌ఫాం ఇన్ఫో, యూఈఎఫ్ఐ అనునవి.

పల్లెటూరి పాఠకులకు ఏసీపీఐ అనగా నేమో సులభముగ బోధపడగలదు. కరణము వ్రాసిన అడంగలులో ఏ సర్వే నెంబరున ఏ పైరున్నదో యుండునట్లు, యంత్రములో ఏ అంగము ఎచ్చట నున్నదో, దానికి విద్యుత్తు ఎట్లు అందవలెనో తెలుపు పట్టికలను మదర్‌బోర్డు తయారీదారు వ్రాసి యుంచును. ఆ అడంగలు ఒక ఆపరేటింగు సిస్టమును మనస్సున నుంచుకొని వ్రాయబడినచో, మఱియొకటి వచ్చి చదువునప్పుడు తికమక పడును. ఓపెన్‌కోర్ మూలపత్రమును చెరపదు; యంత్రము మేలుకొన్న ప్రతిసారియు జ్ఞాపకశక్తిలోనున్న నకలును మాత్రము దిద్ది సిస్టమునకు చూపును. ప్లాట్‌ఫాం ఇన్ఫో అను అధ్యాయము యంత్రము ఏ జాతిదో చెప్పును. కెర్నెల్ అధ్యాయము ఏ సహాయక భాగములు ఏ వరుసలో ప్రవేశింపవలెనో నిర్ణయించును. ఈ వరుస అలంకారమునకై యుంచినది కాదు. లీలూ అను భాగము ముందు రానిదే, దానిపై ఆధారపడిన వర్చువల్ ఎస్‌ఎంసీ, వాటెవర్‌గ్రీన్ అనునవి పని చేయవు. విఘ్నేశ్వర పూజ కానిదే వ్రతము ఆరంభము కానట్లే యిదియు.

దీనివలన కలిగిన ప్రయోజనమునకు ఒక దృష్టాంతము చాలును. 2012 లో వెలువడిన ఐమ్యాకునకు తయారీదారులు కడపట అనుమతించినది 2019 నాటి క్యాటలీనా. 2020 లో బిగ్‌సర్ వచ్చినప్పుడు ఆ యంత్రము పట్టికనుండి తొలగింపబడెను. ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అను సాధనముతో అదే యంత్రము 2024 నాటి సెకోయాను నడుపుచున్నది. ఐదేండ్ల వెనుక ఆగిపోయినదని చెప్పబడిన గడియారము మఱల తిరుగుచున్నది. ఇది మాయ కాదు. 2021 నాటి మాంటెరేలో ఆ యంత్రపు ఎన్‌విడియా గ్రాఫిక్సునకు కావలసిన డ్రైవరులను తీసివైచిరి. ఈ సాధనము వానిని మఱల తెచ్చి చేర్చుచున్నది. అనగా పనిముట్టు చెడిపోలేదు. పనిముట్టు పిడిని ఊడదీసి, ఇది పనికిరాదని చెప్పుట జరిగినది.

మా అనుభవమును గూడ ఇచ్చట నివేదించుట న్యాయము; ఏలన, ఇందు మా తప్పే కలదు. మా కార్యాలయమున పదేండ్లు దాటిన మ్యాక్ ఒకటి కలదు. ఒక యువమిత్రుని సాయముతో దానికి ఓపెన్‌కోరును అమర్చితిమి. కొన్ని దినములు అది చక్కగ పనిచేసెను. ఒకనాటి సాయంకాలము బల్ల సర్దుచు, దానికి గుచ్చియున్న పెన్‌డ్రైవును మఱియెవ్వరిదో యనుకొని తీసి సొరుగులో పడవైచితిమి. మఱునాటి యుదయమున మీట నొక్కగా, తెరపై వలయమును, దానికి అడ్డముగ ఒక గీతయు మాత్రము కనబడెను. ప్రవేశము నిషిద్ధమని దాని యర్థము. ఆ దినపు వ్యాసములన్నియు అందుండెను. యంత్రము చచ్చినదని మేము నిశ్చయించి, క్రొత్తదానికి వెల కనుగొనుటకు మనిషిని పంపితిమి. యువకుడు వచ్చి చూచి నవ్వెను. బూట్‌లోడరు పెన్‌డ్రైవులో మాత్రమే యుండెను. లోపలి డిస్కులో ఉంచుట మేము మరచితిమి. అతడు పెన్‌డ్రైవును గుచ్చి, ఆప్షన్ మీటను అదిమిపట్టి, ఈఎఫ్ఐ బూట్ అను చిహ్నమును ఎన్నుకొని యంత్రమును లేపి, ఆ వ్రాతను లోపలి డిస్కునందలి ఈఎఫ్ఐ భాగమున స్థాపించెను. అంతయు కాఫీ చల్లారులోగా ముగిసెను. తాళపుచెవిని చెత్తయనుకొని పారవైచి, ఇల్లు కూలినదని ఏడ్చినట్లైనది మా పని.

నాటినుండి ఈ విషయమున మేము కొంత తెలిసికొంటిమి. తెలిసికొన్నదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము. మొదటిది: పరుల కాన్ఫిగ్ ఫైలును తెచ్చి తన యంత్రమున పెట్టుట ఇంకొకని చెప్పులలో కాళ్లు దూర్చుట వంటిది. ప్రాసెసరు తరము, గ్రాఫిక్సు, మదర్‌బోర్డు ఇవి చూచుకొని ఎవ్వరిది వారు వ్రాసికొనవలెను. రెండవది: ఓపెన్‌కోర్ యొక్క క్రొత్త ప్రతిని తెచ్చి పాత కాన్ఫిగ్ ఫైలును అట్లే యుంచినచో అవి పొసగవు, ఒక్కొక్క ప్రతిలో పద్దులు మాఱుచుండును. ఓసీవాలిడేట్ అను పరీక్షకుడు ఆ సాధనముతోడనే వచ్చుచున్నాడు; యంత్రమును ఆపి మేల్కొలుపుటకు ముందు అతనికి చూపుట విధి. మూడవది: యంత్రము నడుమ ఆగిపోయినప్పుడు తెరపై ఆపిల్ గుర్తును చూచుచు కూర్చున్న లాభము లేదు. బూట్ ఆజ్ఞలలో "-వీ" అను అక్షరమును చేర్చినచో, సిస్టము తాను చేయు ప్రతి పనిని తెరపై వ్రాయుచు పోవును. ఎచ్చట ఆగెనో ఆ కడపటి పంక్తులే రోగమును చెప్పును. నాలుగవది: ఒక్కమాఱు ఒక్క మార్పే చేయవలెను. నాలుగు మందులు కలిపి త్రాగినవాడు ఏ మందు వలన వాంతి యైనదో చెప్పజాలడు. ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: మంచిగ పనిచేయుచున్న ఈఎఫ్ఐ నకలును వేఱొక పెన్‌డ్రైవున భద్రపఱచి, దానిపై పేరు వ్రాసి యుంచవలెను. మావలె పేరు వ్రాయనివారు మావలెనే అవమానము పొందుదురు.

ఇక ధర్మవిచారము. ఆపిల్ వారి లైసెన్సు ప్రకారము మ్యాక్ ఓఎస్ ఆపిల్ గుర్తుగల కంప్యూటరులపైననే నడుపబడవలెను. ఆ సిస్టములో "మ్యాక్ ఓఎస్ ఎక్స్‌ను దొంగిలింపవద్దు" అని అర్థమిచ్చు పేరుగల భాగమొకటి నిజముగనే కలదు. హాకింటోష్ అని పేరు పొందిన పద్ధతి, అనగా ఇతర తయారీదారుల యంత్రములపై ఈ సిస్టమును నడుపుట, ఆ నిబంధనకు వెలుపలిది. అమెరికాలో సైస్టార్ అను వర్తకసంస్థ 2008 లో ఇట్టి యంత్రములను తయారుచేసి అమ్మజొచ్చెను. ఆపిల్ వారు అదే సంవత్సరము జూలైలో వ్యాజ్యము వేసిరి. 2009 నవంబరున న్యాయస్థానము ఆపిల్ పక్షమున తీర్పు చెప్పెను. 2011 లో అప్పీలు న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. కావున అట్టి వర్తకమును మేము సమర్థింపము. ప్లాట్‌ఫాం ఇన్ఫోలో వ్రాయుటకై ఇంకొకరి యంత్రపు సీరియల్ నెంబరును అపహరించుట స్పష్టమైన అధర్మము. ఒకరి సొత్తును కాపాడుకొనుటకై ఇంకొకరి సొత్తును తీసికొను హక్కు ఎవ్వరికిని లేదు.

అయినను, పైనుదహరించిన ఐమ్యాకు యజమాని సంగతి వేఱు. అతడు ఆపిల్ యంత్రమునే కొనెను. వెల సంపూర్ణముగ చెల్లించెను. దానిపై ఆపిల్ సిస్టమునే నడుపుచున్నాడు. అతడు దాటుచున్నది యంత్రశక్తి యొక్క హద్దును గాదు, ఒక పేరుల పట్టికను. ఈ ఇరువురిని ఒకే గాటకట్టి, బూట్‌లోడరును ముట్టినవారందఱును దొంగలని పలుకువారు ధర్మమును గాక వ్యాపారమును మాత్రమే రక్షించుచున్నారు.

తాళము యజమాని మేలుకొఱకే యున్నదని తయారీదారులు చెప్పుచున్నారు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. బూట్ సమయమున దూరు దుష్టప్రోగ్రాములు సిస్టముకంటె ముందు లేచి దానికి కనబడక దాగియుండగలవు. అందులకే సెక్యూర్ బూట్ అను సంతకపు పరీక్ష ఏర్పడినది. పాత మ్యాకులందు డ్రైవరులను మఱల చేర్చునప్పుడు సిస్టము యొక్క ముద్ర చెడుననియు, కొన్ని రక్షణలను సడలింపవలసివచ్చుననియు, ప్రతి నవీకరణము పిమ్మట ఆ పనిని తిరుగ చేయవలెననియు మేము దాచము. బ్యాంకు లెక్కలు చూచుకొను యంత్రమున ఈ ప్రయోగము చేయువారు రెండుమాఱులు ఆలోచింపవలెను. కాని ఈ వాదమునకు సమాధానము ఆ విధానములోనే కలదు. పెక్కు సామాన్య కంప్యూటరులలో సెక్యూర్ బూట్‌నకు యజమాని తన సొంత తాళపుచెవులనే నమోదు చేసికొనవచ్చును. అప్పుడు తలుపునకు తాళమును ఉండును, చెవియు ఇంటివాని చేతనే యుండును. భద్రతయు స్వాతంత్ర్యమును పరస్పర విరోధులని చెప్పుట ఎంతటి అసత్యమో దీనివలననే తేలుచున్నది.

తలుపులు తెరచినందువలన లోకమునకు కలిగిన లాభమును చరిత్ర చెప్పుచున్నది. ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటరులో కడమ భాగములన్నియు బజారున దొరకునవే. బయాస్ ఒక్కటియే వారి సొత్తు. కాంపాక్ సంస్థవారు దానిని దొంగిలింపలేదు. ఒక పక్షమువారు బయాస్ చేయు పనులను వివరించి వ్రాసిరి. మూలమును చూడని వేఱొక పక్షమువారు ఆ వివరణను మాత్రమే చూచి క్రొత్త వ్రాత వ్రాసిరి. 1982 లో వారు ప్రకటించిన యంత్రముతో ఆ తలుపు తెరచుకొనెను, పిమ్మట అనేక సంస్థలు పోటీకి వచ్చినవి, వెలలు తగ్గినవి. నేడు మన పట్టణములలో సామాన్యుని బల్లపై కంప్యూటరు ఉన్నదన్న, అందు ఆ తెరచిన తలుపునకు భాగము కలదు.

నేడు గాలి అటు నిటు వీచుచున్నది. 2012 లో విండోస్ 8 వచ్చినప్పుడు, సామాన్య ఇంటెల్ తరగతి యంత్రములందు సెక్యూర్ బూట్‌ను ఆపివేయు వీలు యజమానికి ఉండితీరవలెనని మైక్రోసాఫ్టువారి ధ్రువీకరణ నియమము శాసించెను. 2015 లో విండోస్ 10 నాటికి ఆ వీలు ఇచ్చుటయు ఈయకుండుటయు తయారీదారు ఇష్టమునకు విడువబడెను. హక్కు అనుగ్రహముగ మాఱినది. ఆపిల్ వారు 2020 నవంబరున తమ సొంత ఎం1 ప్రాసెసరును తెచ్చి, 2023 జూను నాటికి తమ కంప్యూటరులన్నిటిని ఆ మార్గమునకు మార్చిరి. అయినను ఆ మ్యాకులలో యజమాని కోరినచో ఇతర కెర్నెలును నడుపుకొను ద్వారమును వారు ఉంచిరి. ఆ ద్వారము గుండనే అసాహి లినక్స్ అను ప్రయత్నము వాని యందు లినక్సును నడుపుచున్నది. మెచ్చదగినదానిని మెచ్చవలెను. కాని అదే సంస్థ అమ్ము ఐఫోనులో యజమానికి అట్టి ద్వారము లేదు. ఒకే దుకాణమున ఒక వస్తువుతో తాళపుచెవి నిచ్చి, ఇంకొక వస్తువుతో ఈయకుండుట చూడగా, ఇది అసాధ్యత కాదనియు, ఇచ్ఛయనియు స్పష్టమగుచున్నది.

మన దేశమునకు ఇందుతో ఏమి పని యని కొందఱు అడుగవచ్చును. పాత కంప్యూటరు పాఠశాలకు, గ్రంథాలయమునకు, చిన్న వర్తకునకు, చదువుకొను పిల్లవానికి మొదటి మెట్టు. దానిని అకాలముగ చెత్తలో త్రోసినచో నష్టము వారిది. ఆ చెత్తనుండి వెలువడు విషము మన నేలది, మన నీటిది. ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన 2022 నాటి నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. మరమ్మతు హక్కును పరిశీలించుటకు కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు 2022 జూలైలో ఒక సంఘమును నియమించిరి. అదే యేటి డిసెంబరున ఆ హక్కునకై ఒక పోర్టలును తెరచిరి. ఇవి శుభారంభములు. కాని మరమ్మతనగా మరలు విప్పి బిగించుట మాత్రమే యని తలచుట పొరపాటు. తెరను మార్చుకొను హక్కుండి ద్వారమును తెరచుకొను హక్కు లేనిచో, అది ఇంటికి సున్నము వేసికొనుటకు మాత్రమే అనుమతి పొందిన కిరాయిదారుని స్థితి.

కావున మేము కోరునది ఇది. తయారీదారు ఏ యంత్రమునకు సంరక్షణ మానుకొనునో, ఆ దినముననే దాని బూట్ తాళపుచెవిని యజమానికి అప్పగించునట్లు శాసనము కావలెను. మానుకొను హక్కు వారికి కలదు, మేము కాదనము. తాము మోయక, మోయువానిని మోయనీయక యుండు హక్కు మాత్రము ఎవ్వరికిని లేదు. ప్రభుత్వ ధనముతో పాఠశాలలకును కార్యాలయములకును కంప్యూటరులను కొనునప్పుడు, యజమాని తనకిష్టమైన సిస్టమును ఎక్కించుకొను వీలు కలిగి యుండవలెనని టెండరు నిబంధనలలో ఒక్క పంక్తి చేర్చినచో చాలును, వ్యయము పెరుగదు.

శాసనము వచ్చువఱకు ఊరకుండుమని మేము చెప్పము. విండోస్ 11 తిరస్కరించిన యంత్రము మీ యింట నున్నచో, దానిని పాత సామానులవానికి తూచి యిచ్చుటకు ముందు లినక్సును ఎక్కించి చూడుడు. దానికి ఎవ్వరి లైసెన్సును ప్రతిబంధకము కాదు. ఎవ్వరి పట్టికలోను మీ యంత్రము పేరు ఉండనక్కఱలేదు. లినక్సును తెలుగున నడుపుటకు హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు కృషి చేసి యున్నారు. తెర నల్లబడినచో గ్రబ్ అను బూట్‌లోడరులోని ఆజ్ఞా పంక్తిలో "నోమోడ్‌సెట్" అను ఒక్క మాటను చేర్చుటతో గ్రాఫిక్సు చిక్కు తొలగి యంత్రము మేలుకొనుట తఱచు కలదు. మీ యింటి పిల్లలలో ఎవ్వరో ఒకరికి ఈ విద్య వచ్చియే యుండును. వారిని మందలింపక, ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆ చిన్నవాడు చేయుచున్నది యంత్రముతో ఆట కాదు. మీరు వెల చెల్లించి కొన్నదానిని మీకు అప్పగించుట.

మా కార్యాలయపు మ్యాక్ నేటికిని పనిచేయుచున్నది. ఈ వ్యాసము దానిమీదనే కూర్పబడినది. ప్రక్కనున్న పెన్‌డ్రైవుపై మాత్రము ఇప్పుడు పెద్ద అక్షరములతో పేరు వ్రాసి యున్నది.